మెరుపుకీ ఉరుముకీ మధ్య

మా అమ్మమ్మకి ఉరుముల విషయంలో ఒక పద్ధతి ఉండేది. కిటికీ తెల్లగా వెలిగి ఆరగానే పిల్లలందరినీ పక్కలోకి లాక్కుని, "అర్జునుడి పేర్లు చదవండర్రా" అనేది. రెండో పేరు నోట్లో ఉండగానే ఆకాశం ఫెళ్ళుమనేది. నా భుజాలు చెవుల దాకా లేచిపోయేవి, కళ్ళు గట్టిగా మూతలు పడేవి. "మగపిల్లాడివి, ఇంత పిరికితనమైతే ఎలారా?" అని మావయ్య నవ్వేవాడు. అలా నవ్వుతున్న ఆయన పంచె మీద అప్పుడే తొణికిన కాఫీ మరక ఉండేది. గ్లాసు ఎప్పుడు కదిలిందో ఆయనకే తెలిసేది కాదు.

ఆ మరక వెనక చాలా శాస్త్రం ఉంది. ఉలిక్కిపడటం, తుళ్ళిపడటం, అదిరిపడటం, దడుచుకోవడం, జడుసుకోవడం అంటూ మనకి బోలెడు మాటలున్నాయి. అన్నీ భయానికి మారుపేర్లే అన్నట్టు వాడేస్తుంటాం. నిజానికి ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఉలిక్కిపడటం ఒంటి పని, భయపడటం మనసు పని. ఒళ్ళు ముందు కదులుతుంది, మనసుకి కబురు తరవాత అందుతుంది. అందుకే ధైర్యస్థుడి చేతిలో కాఫీ కూడా తొణుకుతుంది.

రెప్ప ముందు, మనిషి తరవాత

మీరు ఏదో చదువుకుంటున్నారు. వెనక వంటింట్లో స్టీలు పళ్ళెం గచ్చు మీద పడింది. ఆ తరవాత జరిగేదాన్ని కొలవడానికి సెకను చాలా పెద్దది, సెకనులో వెయ్యో వంతు అయిన మిల్లీసెకను కావాలి. చప్పుడు చెవిని తాకిన 30, 40 మిల్లీసెకన్లకే కనురెప్పల చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది. 60 దగ్గరకొచ్చేసరికి మెడ కండరాలు అందుకుంటాయి. తల ముందుకు వంగుతుంది, భుజాలు లేస్తాయి, మోచేతులు ముడుచుకుంటాయి, వేళ్ళు పిడికిలి పడతాయి, నడుము వంగుతుంది, చివరగా మోకాళ్ళు. పైనుంచి కిందికి ఒక అల దిగినట్టు, అంతా దాదాపు సెకనులో ఐదో వంతులోపే.

ఇప్పుడు దీన్ని ఇంకో అంకెతో పోల్చి చూడండి. చప్పుడు వినగానే మీట నొక్కమని చెప్పి, మనిషిని సిద్ధంగా కూర్చోబెట్టినా అతనికి 150 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే "ఏదో పడింది" అని మీరు అనుకునే వేళకి మీ రెప్పలు పడటం, మెడ వంగటం అయిపోయాయి. గుండె దడదడలాడటం అంతకన్నా ఆలస్యంగా మొదలవుతుంది. "గుండె ఝల్లుమని ఉలిక్కిపడ్డాను" అని రాస్తుంటాం గానీ, ఒళ్ళు పాటించే వరస అది కాదు. ముందు ఉలికిపాటు, తరవాత గుండె. "అమ్మో!" అనే కేక, అటుపైన వచ్చే వెర్రి నవ్వు ఆ వెనక.

ఆ ముడుచుకునే తీరులో ఒక అర్థం కనిపిస్తుంది. అన్నిటికంటే సుకుమారమైన కళ్ళు మూతపడతాయి. ఎగిరిన భుజాలు మెడ వెనక భాగాన్ని కప్పుతాయి. వంగిన ఒళ్ళు పొట్టని దాచుకుంటుంది. వెనకనుంచి మీదపడే మృగం నుంచి మెడని కాపాడుకోవడానికే ఇది ఏర్పడిందని కొందరు పరిశోధకుల అంచనా.

దీన్ని కంటితో చూసి రాసుకుందామంటే కుదరదు. పిస్తోలు పేలినప్పుడు ఎదుటివాడి రెప్పతో పాటు చూసేవాడి రెప్పా పడుతుంది! అందుకే సినిమా కెమెరా వచ్చేదాకా ఈ విద్య ముందుకు సాగలేదు. జర్మనీలో హాన్స్ స్ట్రాస్ 1929లో ఈ ఉలికిపాటుని ఫిల్ము మీదకెక్కించి వివరించాడు. అమెరికాలో కార్నీ లాండిస్, విలియం హంట్ మనుషుల వెనక పిస్తోలు పేలుస్తూ, అతివేగంగా తిరిగే కెమెరాలతో చిత్రీకరించి 1939లో పుస్తకం వేశారు. వాళ్ళకి తేలిందేమిటంటే, ఆ చప్పుడుకి అలవాటుపడే కొద్దీ చేతులూ నడుమూ నెమ్మదిస్తాయి గానీ, రెప్పపాటు మాత్రం ఎంతకీ వదలదు. నేటికీ ప్రయోగశాలల్లో ఉలికిపాటుని కొలవాలంటే కంటి కింద చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి ఆ రెప్ప కండరాన్నే నమ్ముకుంటారు.

పరుగు పందేల నిబంధనల్లోనూ ఈ మిల్లీసెకన్ల లెక్క ఉంది. తుపాకీ మోగిన 100 మిల్లీసెకన్లలోపు కదిలిన పరుగువీరుణ్ణి, చప్పుడు వినకుండానే కదిలాడని తీర్మానించి పంపించేస్తారు. 2022లో అమెరికాలోని యూజీన్‌లో ప్రపంచ పోటీల 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో డెవన్ ఆలెన్ 99 మిల్లీసెకన్లకి కదిలి వెనుదిరిగాడు. ఒక్క మిల్లీసెకను తేడా! అయితే ఉలికిపాటు మీద పనిచేసేవాళ్ళకి ఇంకో సంగతి తెలుసు. ఒక కదలికకి ఒళ్ళంతా సిద్ధమై ఉన్నప్పుడు పెళ్ళుమనే చప్పుడు వినిపిస్తే, ఆ కదలిక మామూలు కన్నా చాలా త్వరగా బయటికి దూకుతుంది. స్పెయిన్‌కి చెందిన వాల్స్-సోలే బృందం 1990ల్లో దీన్ని చూపించింది. వంద అనే గీతని ఎక్కడ గియ్యాలన్న వాదన తెగకపోవడానికి ఇదీ ఒక కారణం.

డార్విన్ పంతం

చార్లెస్ డార్విన్ కూడా మా మావయ్యలాగే పంతం పట్టి ఓడిపోయాడు. లండన్ జంతుప్రదర్శనశాలలో పఫ్ ఆడర్ అనే విషసర్పం ముందు, మందపాటి అద్దానికి మొహం ఆనించి నిలబడ్డాడు. పాము కాటేసినా వెనక్కి తగ్గకూడదని గట్టిగా అనుకున్నాడు. పాము అద్దాన్ని కొట్టింది. ఆయన గజమో రెండు గజాలో వెనక్కి ఎగిరిపడ్డాడు. అద్దం ఉందన్న తెలివీ, తగ్గనన్న పట్టుదలా ఏమీ చెయ్యలేకపోయాయని 1872లో అచ్చైన తన 'ది ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ది ఎమోషన్స్ ఇన్ మ్యాన్ అండ్ యానిమల్స్'లో ఒప్పుకున్నాడు.

అందులోనే ఆయన సొంత బిడ్డ మీద చేసిన ఒక ముచ్చటైన పరీక్ష ఉంది. 114 రోజుల పసివాడి కళ్ళ ముందు అట్టపెట్టెని ఆడిస్తే రెప్ప వెయ్యలేదు. అదే పెట్టెలో కొన్ని మిఠాయి బిళ్ళలు వేసి గలగలలాడిస్తే ప్రతిసారీ గట్టిగా రెప్పలార్చి, కాస్త ఉలిక్కిపడ్డాడు. కళ్ళ ముందు ఆడే వస్తువు ప్రమాదమని ఆ వయసుకి ఇంకా తెలియదు. చప్పుడుకి ఉలిక్కిపడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

పసిపిల్లల దగ్గర ఇంకొకటి కూడా కనిపిస్తుంది. నెలల బిడ్డని పడుకోబెడుతూ తల కాస్త జారవిడిస్తే చేతులు రెండూ బార్లా చాపి, మళ్ళీ కౌగిలించుకున్నట్టు దగ్గరకి తెచ్చుకుంటుంది. ఎర్న్‌స్ట్ మోరో అనే ఆస్ట్రియా పిల్లల వైద్యుడు 1918లో వివరించాడు గనక దీనికి ఆయన పేరే పెట్టారు. నాలుగు నుంచి ఆరు నెలల్లో ఇది దానంతటదే పోతుంది. పెద్దల ఉలికిపాటులో చేతులు ముడుచుకుంటాయి, ఇందులో ముందు విచ్చుకుంటాయి. అందుకే రెండూ ఒకటి కాదు. పొత్తిళ్ళలో బిడ్డ అలా చేస్తే దడుచుకుందని కంగారు పడనక్కర్లేదు. పైగా పుట్టిన బిడ్డలో అది కనిపించకపోతేనే డాక్టర్లు ఆలోచిస్తారు.

కట్ట తెగుతుంటే సంతకం కోసం ఆగరు

ఇంత వేగం ఎలా సాధ్యం? దారి పొట్టిది కావడం వల్ల. చెరువు కట్టకి గండి పడుతున్నప్పుడు కావలివాడు తహసీల్దారు సంతకం కోసం ఎదురుచూడడు, డప్పు కొట్టేస్తాడు. కాగితాలు తరవాత కదులుతాయి. మెదడులోనూ అంతే. చెవిలోంచి వచ్చిన నరం మెదడు కాండంలో కొన్ని కణాలకి కబురిస్తుంది. అవి కాండం మధ్యభాగంలో ఉన్న పెద్ద పెద్ద నాడీకణాల గుంపుకి అందిస్తాయి. ఆ పెద్ద కణాల తీగలు వెన్నుపాములోకి దిగి, కండరాలని కదిపే కణాలని తడతాయి. నాలుగడుగుల దారి. ఆలోచనకి కేంద్రమైన పైమెదడు ఈ దారిలో ఎక్కడా లేదు. యేల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ డేవిస్ బృందం 1982లో ఎలుకల్లో ఈ దారి పటాన్ని గీసింది, తరవాత తనే దాన్ని సవరించుకుంది. ఎలుకలో చప్పుడుకీ కండరం కదలడానికీ మధ్య పట్టేది 8 మిల్లీసెకన్లే.

ప్రతి చప్పుడుకీ ఈ డప్పు మోగదు. చప్పుడు పెద్దదైతే చాలదు, ఒక్కసారిగా రావాలి. దూరాన్నుంచి వస్తూ వస్తూ ప్లాట్‌ఫారం పక్కనుంచి దూసుకుపోయే రైలు చెవులు చిల్లులు పడేలా మోగినా మనం ఉలిక్కిపడం. అంతకన్నా చిన్న చప్పుడే అయినా, ఉన్నట్టుండి కూసిన కుక్కర్ విజిల్‌కి తుళ్ళిపడతాం.

నీళ్ళలో బతికే జీవాలు ఈ పనికి ఇంకా తెగువైన ఏర్పాట్లు చేసుకున్నాయి. చేప మెదడులో కుడికొకటీ ఎడమకొకటీ రెండు పెద్ద కణాలుంటాయి. 1859లో వాటిని గమనించిన లుడ్విగ్ మౌత్నర్ పేరే వాటికి స్థిరపడింది. కుడిపక్క నీళ్ళు కదిలితే కుడి కణం ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీటుతుంది. దాని తీగ అడ్డంగా దాటి ఎడమవైపు కండరాలన్నిటినీ ఒకేసారి బిగిస్తుంది. చేప విల్లులా ఎడమకి వంగి, కుడివైపు వచ్చిన ఆపదకి దూరంగా దూసుకుపోతుంది.

రొయ్యల చెరువుల దగ్గర తిరిగినవాళ్ళకి ఇంకో దృశ్యం తెలుసు. నీడ పడినా, వల కదిలినా రొయ్య తోక చరిచి వెనక్కి ఎగురుతుంది. ఈ జాతుల్లో ఆ పనికి ప్రత్యేకంగా లావుపాటి నరాలున్నాయి. కురుమా రొయ్య నరంలో కబురు సెకనుకి 200 మీటర్లు దాటిన వేగంతో పరిగెడుతుందని కొలిచారు. మన ఒంట్లో అతివేగమైన నరాలు 120 దగ్గరే ఆగిపోతాయి. స్క్విడ్ పారిపోవడానికి వాడే నరమైతే మిల్లీమీటరు దాకా మందంగా ఉంటుంది. అంత లావు నరం దొరకబట్టే హాజ్కిన్, హక్స్‌లీ దానిలోకి ఎలక్ట్రోడు దూర్చి, నరాల్లో విద్యుత్ కబురు ఎలా నడుస్తుందో తేల్చి 1963 నోబెల్ పంచుకున్నారు. మన నాడీశాస్త్రానికి పునాది పడింది, ఒక ప్రాణి ఉలిక్కిపడే నరం మీదే.

వేగానికి మూల్యం కూడా ఉంది. ఆలోచించని దారిని ఆలోచించేవాడు మోసం చెయ్యగలడు. ఆగ్నేయాసియా నీటి మడుగుల్లో ముక్కు మీద రెండు మీసాల్లాంటివి ఉండే ఒక పాము ఉంది. అది తన ఒళ్ళుని ఇంగ్లీషు 'జె' అక్షరంలా వంచి, చేప ఆ వంపులోకి వచ్చేదాకా కదలకుండా ఉంటుంది. వచ్చాక మొహంతో కాదు, అవతలి పక్క ఒంటితో చిన్న కుదుపు ఇస్తుంది. ఆ కుదుపుకి చేప ఉలిక్కిపడి, దానికి దూరంగా, అంటే సరిగ్గా పాము నోటి వైపుకి తిరుగుతుంది. అమెరికా శాస్త్రవేత్త కెనెత్ కాటానియా 2009లో వీడియోల సాయంతో ఈ మాయని బయటపెట్టాడు. చేపకున్న ప్రాణరక్షణ సాధనమే పాముకి గాలమైంది.

గొంతు పెంచేదెవరు, తగ్గించేదెవరు

ఇక్కడిదాకా చదివితే ఉలికిపాటు బొత్తిగా యంత్రం పని అనిపిస్తుంది. మన మాట వినని యంత్రమే, కానీ దానికి రేడియోకి ఉన్నట్టు చప్పుడు పెంచే మర ఒకటుంది. ఆ మరని తిప్పేది మన అనుభవం.

1951లో అమెరికాలో బ్రౌన్, కాలిష్, ఫార్బర్ అనే ముగ్గురు ఎలుకలకి ఒక సంకేతం ఇచ్చి వెంటనే చిన్న షాక్ ఇస్తూ పోయారు. తరవాత ఆ సంకేతం ఉండగా పెద్ద చప్పుడు చేస్తే అవి మామూలు కన్నా ఎక్కువ ఎగిరిపడ్డాయి. డేవిస్ బృందం ఇదే పద్ధతిలో, వెలుగుని షాక్‌కి ముడిపెట్టి, మెదడు లోపల వెతికింది. బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా దెబ్బతిన్న ఎలుకల్లో ఆ అదనపు ఎగురు పోయింది, మామూలు ఉలికిపాటు ఉండిపోయింది. అంటే డప్పు కొట్టేవాడు ఒకడు, మరింత గట్టిగా కొట్టమనేవాడు వేరొకడు.

ఇప్పుడు మా ఇంటి కిటికీ దగ్గరకి రండి. మెరుపు వెలుగు, ఉరుము చప్పుడు. వెలుగు వెంటనే కనిపిస్తుంది, చప్పుడు కిలోమీటరుకి సుమారు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వస్తుంది. ఆ రెండు, మూడు సెకన్లు పిల్లవాడు చేసేది ఎదురుచూడటం. ఎలుకకి బల్బు ఎలాంటిదో వాడికి మెరుపు అలాంటిది. ముందే తెలిసినా భుజాలు ఎగరడం తగ్గకపోగా పెరగడానికి కారణం పిరికితనం కాదు, మెదడు పాఠాన్ని సరిగ్గా నేర్చుకోవడమే.

విచిత్రమేమిటంటే, అదే ముందస్తు కబురు సెకనులో పదో వంతు ముందు వస్తే ఫలితం తిరగబడుతుంది. పెద్ద చప్పుడుకి కాస్త ముందు చిన్న 'టక్' వినిపిస్తే ఉలికిపాటు బాగా తగ్గుతుంది. మొదటిదాన్ని అందుకునే పనిలో ఉన్న మెదడు రెండోదానికి తలుపు ఓరగా మూస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఈ తలుపు సరిగా మూసుకోదని 1978లో డేవిడ్ బ్రాఫ్ బృందం గమనించింది. అవసరంలేని చప్పుళ్ళూ తలపులూ వాళ్ళని ముంచెత్తడానికి ఇదొక కారణం కావచ్చునన్న ఆలోచన అక్కడే మొదలైంది.

చీకటికీ ఈ మర తిప్పే శక్తి ఉంది. మనుషుల్లో చీకట్లో ఉలికిపాటు పెరుగుతుంది. రాత్రిపూట తిరిగే ఎలుకల్లో మాత్రం పట్టపగటి లాంటి వెలుగులో పెరుగుతుంది. 1997 ప్రాంతంలో రెండు సంగతులూ ప్రయోగాల్లో తేలాయి. ఎవరికి ఏది ప్రమాద సమయమో వారి ఒంట్లోనే రాసి ఉంది. మనసు రంగు కూడా ఇందులో కలుస్తుంది. భీతి గొలిపే బొమ్మ చూస్తున్నప్పుడు చప్పుడైతే రెప్ప గట్టిగా పడుతుంది, ముద్దొచ్చే పసిపిల్ల బొమ్మ చూస్తున్నప్పుడు మెల్లగా పడుతుంది. పీటర్ లాంగ్ బృందం 1988లో కొలిచి చూపించిన తేడా ఇది.

ఇక తగ్గించే మరల్లో అతిసామాన్యమైనది అలవాటు. రైలుకట్ట పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళు చుట్టాలకి "మాకు వినపడదండీ" అంటారు. వినపడుతుంది, ప్రమాదం లేదని మెదడు తేల్చుకుంది. ఎరిక్ కాండెల్ సముద్రపు నత్తజాతి జీవిని తాకి తాకి, అది ముడుచుకోవడం మానేసేటప్పుడు నాడీకణాల మధ్య సందేశం ఎలా పలచబడుతుందో చూపించాడు. జ్ఞాపకం మీద అలా సాగిన పనికి 2000లో నోబెల్ అందుకున్నాడు.

కళ్ళెం తెగినప్పుడు

ఉలికిపాటుని మొదలుపెట్టే ఏర్పాటు ఎంత ముఖ్యమో, ఆపే ఏర్పాటూ అంతే ముఖ్యం. వెన్నుపాములో గ్లైసిన్ అనే చిన్న అణువు కండరాలని కదిపే నాడీకణాలకి కళ్ళెంలా పనిచేస్తుంది. మన అడవుల్లో పెరిగే ముష్టి చెట్టు గింజల్లోని స్ట్రిక్నిన్ ఆ కళ్ళేన్నే తెంచేస్తుంది. అది తిన్న మనిషి తలుపు చప్పుడుకే విల్లులా బిగుసుకుపోతాడు. ధనుర్వాతం క్రిమి విషం వేరే దారిలో అదే కళ్ళెం మీద దెబ్బకొడుతుంది. ఆ రోగిని చీకటి గదిలో, అలికిడి లేకుండా ఉంచాలనడం అందుకే.

కొందరు పుట్టుకతోనే ఈ కళ్ళెం బలహీనంగా ఉండి పుడతారు. చిన్న చప్పుడుకీ, ముక్కు కొస మీద తట్టినా ఒళ్ళు కొయ్యబారిపోతుంది. తెలివి ఉంటుంది గానీ చేతులు అడ్డం పెట్టుకోలేక మొద్దులా పడిపోతారు. దీని పేరు హైపరెక్‌ప్లెక్సియా. 1993లో గ్లైసిన్ గ్రాహకం జన్యువులో దీని మూలం దొరికింది. పసికందుల్లో ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. తలనీ కాళ్ళనీ పొట్టవైపు వంచితే బిగుతు వదులుతుందన్న చిన్న కిటుకు ప్రాణాలు నిలబెడుతుంది. ఇది మూర్ఛ కాదు, పట్టిన గాలీ కాదు. గుర్తిస్తే తగిన మందులున్నాయి.

ఇంకొందరికి జన్యువుల్లో ఏ లోపమూ ఉండదు, మరని జీవితం తిప్పేసి ఉంటుంది. యుద్ధం చూసినవాళ్ళు, ఘోర ప్రమాదంలోంచి బయటపడినవాళ్ళు, ఇంట్లోనే దెబ్బలు తిన్నవాళ్ళు. ఎప్పుడో అయిపోయిన ఆపద ఒంట్లో ఇంకా అయిపోదు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం పీటీఎస్‌డీ అనే రుగ్మతని గుర్తించినప్పుడు, అతిగా ఉలిక్కిపడటాన్ని దాని లక్షణాల్లో చేర్చింది.

ఊరికొకరైనా ఉంటారు, వెనకనుంచి "భౌ" అంటే గంతేసేవాళ్ళు. వాళ్ళని ఆటపట్టించడం లోకమంతా ఉన్న వినోదమే. అమెరికాలోని మెయిన్ అడవుల్లో కలపకొట్టే ఫ్రెంచివాళ్ళలో, మలయా, జావా పల్లెల్లో ఇలాంటివాళ్ళ గురించి పందొమ్మిదో శతాబ్దం నుంచీ రాసిపెట్టారు. ప్రతిరోజూ ఉలికించినకొద్దీ వాళ్ళ ఎగురు పెద్దదైందే తప్ప తగ్గలేదు. బెదిరే ఎద్దుని కర్రతో కొడితే బెదురు పోతుందా? అనుభవమున్న రైతు గంగడోలు నిమురుతాడు. జట్కావాడు గుర్రం కళ్ళకి పక్కన గంతలు కడతాడు.

అమ్మమ్మ చేసింది కూడా అదేనని ఇప్పుడనిపిస్తుంది. అర్జునుడి పేర్లు ఉరుముని ఆపలేదు, మా భుజాలని ఆపలేదు. కానీ మెరుపుకీ ఉరుముకీ మధ్య ఉన్న ఆ మూడు సెకన్లు, మేం ఒంటరిగా చెవులు రిక్కించుకుని గడపాల్సినవి, ఆమె పక్కలో నలుగురం కలిసి గడిపాం. వానాకాలం చివరికొచ్చేసరికి పేర్లు చివరిదాకా వచ్చేవి. మావయ్య మాత్రం ఇప్పటికీ తనకి ఉరుములంటే లెక్కలేదంటాడు. నేను ఏమీ అనను. వాన మొదలవగానే ఆయన చేతిలోని గ్లాసు తీసి బల్ల మీద పెడతాను.